రెండో గేరు పడని కారు

నెరీనా డ్రైవరు ఉద్యోగం చాలించి బస్సు దిగిపోయిన రోజున ఊరంతా చప్పట్లు కొట్టింది. ముప్ఫై ఏళ్ళకు పైగా పైన కనుమ నుంచి కాస్తెల్‌బ్రూనో ఊరి మీదుగా కింద మైదానం దాకా, మైదానం నుంచి మళ్ళీ కొండమీదికి, అదే దారిలో బస్సు తోలిన మనిషి. ఆమె బస్సులో బడికి వెళ్ళిన పిల్లలే ఇప్పుడు తమ పిల్లలను వెంటబెట్టుకొచ్చి ఆమెతో ఫోటోలు దిగారు. మేయరు శాలువా లాంటి మాటలు నాలుగు కప్పాడు. బ్యాండువాళ్ళు మూడు పాటలు వాయించారు, అందులో రెండు ఒకటే. భర్త లోరిస్ అందరికన్నా ముందే వచ్చి, ముందు వరసలో నిలబడి, అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు. అంతా బాగానే ఉంది. కాకపోతే ఆ మహానుభావుడు ఒక్కనాడైనా ఆ బస్సు ఎక్కిన పాపాన పోలేదు.

ఇదేం చిన్న సంగతి కాదు. లోరిస్ పనిచేసిన టైల్స్ ఫ్యాక్టరీ గేటు ముందే బస్సు ఆగేది. డ్రైవరు సొంత భార్య. అయినా ఆయన రోజూ తన డొక్కు కారులోనే, బస్సుకు ముందో వెనకో వెళ్ళాడు. మంచు పడి, సగం ఊరు నెరీనా బస్సునే నమ్ముకున్న రోజుల్లో కూడా టైర్లకు గొలుసులు బిగించుకుని తన కారే తీశాడు. ఇక ఆదివారం ఇద్దరూ కలిసి బయలుదేరితే తాళాలు ఆయన జేబులోనే. వారమంతా ఊరిని కొండ దింపి ఎక్కించే మనిషి ఆ రోజు పక్క సీట్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. మొదట్లో అడిగింది. "నేనున్నాగా, ఈ ఒక్కరోజన్నా రెస్టు తీసుకో" అనేవాడు. తర్వాత అడగడం మానేసింది. మానేసింది గాని మరచిపోలేదు. ఊరందరికీ తన చేతిమీద ఉన్న నమ్మకం కట్టుకున్నవాడికి లేదన్న బాధ ఆమెలో ముల్లులా ఉండిపోయింది.

అందుకే రిటైరయ్యాక నాకేం కావాలో నాకు తెలుసు అంది. స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు. ఆ లోయలో అదేం వింత కోరిక కాదు. అక్కడి పిల్లలు పక్షుల కూతకన్నా ముందు ఇంజన్ల కూతలు గుర్తుపడతారు. చర్చిలో ప్రార్థన నడుస్తుండగా బయట మంచి కారు వెళితే పాదిరిగారే ఒక్క క్షణం ఆగి చెవి అటు వేస్తారు. అలాంటి చోట ఇన్నేళ్ళూ బస్సు తోలుతూ, వెనక హారన్లు కొట్టి, అదను చూసి దూసుకుపోయే ప్రతి ఎర్ర కారునీ నెరీనా చూసి చూసి ఊరుకుంది. ఇప్పుడు ఆమె వంతు. అయితే ఆమె మనసులో అసలు లెక్క వేరే. రెండు సీట్ల కారులో స్టీరింగు ముందు తాను కూర్చుంటే లోరిస్‌కు పక్క సీటు తప్ప మరో గతి లేదు. వెనక సీటంటూ ఉండదు, సాకులకు చోటుండదు. ఒక్కసారైనా ఆ మనిషి తన పక్కన కూర్చుని తను తోలగా కొండ ఎక్కాలి. ఆమెకు కావలసిందల్లా అదే.

ఆమె చేతిలో ఉన్న డబ్బుకు దొరికేవి రెండు కార్లు. ఒకటి కింద మైదానంలో, వాడిన కార్లు అమ్మే షోరూంలో ఉంది. నాలుగైదేళ్ళ కిందటిది, వెండి రంగు. రెండోది ఊళ్ళోనే, లెయార్కో ముసలాయన షెడ్డులో ఉంది. ఎర్రది, గుడ్డ టాపుది, నెరీనా బస్సు తోలడం మొదలుపెట్టిన ఏటికన్నా పాతది. లెయార్కో అంటే నెరీనాకు ముందు ఆ బస్సు తోలినవాడు. ఆమెకు బస్సు నేర్పినవాడు కూడా ఆయనే. అందుకని ఆమె ఇప్పటికీ ఆయన్ని మేస్టారూ అనే పిలుస్తుంది. ఆమెకు అరవై దగ్గర పడుతున్నా ఆయనకు మాత్రం పిల్లే.

శనివారం నాడు ముందుగా వెండిదాన్ని చూడటానికి వెళ్ళారు. ఉన్నమాట చెప్పుకోవాలి, ఆ కారుకు వంక పెట్టడానికి లేదు. అమ్మకాల కుర్రాడు పక్కన కూర్చుంటే నెరీనా ఒక చుట్టు తోలింది. సీటు వెచ్చగా ఉంది. గేర్లు వాటంతటవే మారుతున్నాయి. కాలు ఆనిస్తే చాలు, చేల గట్ల వెంట ఉన్న పోప్లార్ చెట్లన్నీ కలిసిపోయి గోడలా కనిపించాయి. కిందికి దిగేసరికి ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. కాని లోపల ఏదో వెలితి. అంత బాగా పరుగెత్తిన కారు తనను ఏమీ అడగలేదు. తన స్థానంలో ఎవరున్నా అలాగే పరుగెత్తేది.

తర్వాత లోరిస్ తాళాలు పుచ్చుకుని ఇంకో చుట్టు తిరిగొచ్చాడు. పెళ్ళికొడుకులా దిగాడు.

"నెరీనా, ఇంకేం చూడక్కర్లేదే. గేర్ల గొడవ లేదు, వాన కారదు, చలికాలం సీటు వెచ్చబడుతుంది. మనిద్దరికీ సరిగ్గా సరిపోతుంది."

మనిద్దరికీ అన్న మాట ఆమె చెవిలో గుచ్చుకుంది. ఆ మాటకు అర్థం ఆమెకు బాగా తెలుసు. తాళాలు మళ్ళీ ఆ జేబులోకే పోతాయి. కుర్రాడికి సోమవారం చెబుతానని చెప్పి బయటికొచ్చింది.

తిరుగుదారిలో ఎప్పట్లాగే లోరిస్ తోలాడు.  సగం కొండ ఎక్కాక నెరీనా ఇక ఆగలేకపోయింది.

"ఒక్క మాట అడుగుతా, నిజం చెప్పు. నా బస్సు ఒక్కసారన్నా ఎందుకెక్కలేదు?"

"మళ్ళీ మొదలెట్టావా?"

"మళ్ళీ ఏంటి? అడగడం మానేసి ఇరవై ఏళ్ళయింది. చెప్పు. నేను తోల్తే భయమా? సిగ్గా?"

లోరిస్ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "భయం లేదు, సిగ్గూ లేదు. నాకు నా కారు అలవాటు" అన్నాడు. ఆ తర్వాత రేడియో పెట్టాడు. నెరీనా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆ రాత్రి వంట చేసిందిగాని రుచి చూడలేదు. లోరిస్ ఉప్పు లేని సూపు కిమ్మనకుండా తాగాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక లెయార్కో షెడ్డుకు వెళ్ళారు. ముసలాయన తలుపు ముందు కుర్చీ వేసుకుని, చలికాలమంతా లోపల దాచిన నిమ్మకుండీని ఎండలోకి జరిపించి, దానికి కాపలా కాస్తున్నట్టు కూర్చున్నాడు. మోకాళ్ళు వంగవు. ఆ కారులోకి దిగితే మళ్ళీ పైకి లేపడానికి ఇద్దరు కావాలి. అందుకే అమ్ముతున్నాడు.

"వచ్చావా పిల్లా? నీ వెనక వచ్చిందెవడు, కొనేవాడా చెడగొట్టేవాడా?"

"మా ఆయన, మేస్టారూ. తెలీనట్టు అడుగుతారేం?"

"తెలుసులే. బాగా తెలుసు" అని లెయార్కో లోరిస్ వంక చూసి అదోలా నవ్వాడు. లోరిస్ నిమ్మకుండీని చూడటం మొదలుపెట్టాడు.

కారు మీది దుప్పటి తీశారు. ఎరుపు అక్కడక్కడ వెలిసిపోయింది. చెక్క స్టీరింగు చేతులు తగిలి తగిలి నున్నబడింది. సీటు కుట్లు రెండుచోట్ల ఊడాయి. నెరీనా ముక్కుకు పెట్రోలు, తోలు, పాత నూనె కలిసిన వాసన తగిలింది. ఆమె మొదటిసారి ఎక్కిన బస్సు వాసన కూడా అదే. 

"ముందు నేను చూస్తా" అని లోరిస్ స్టీరింగు ముందు కూర్చున్నాడు. అలవాటు మరి. నెరీనా పళ్ళు నూరుకుంది. కారు మొదటి గేరులో బుద్ధిగా వీధిలోకి వెళ్ళింది. రెండోదానికి వచ్చేసరికి గర్రుమని ఒక చప్పుడు వచ్చింది. బార్ ముందు కాఫీ తాగుతున్నవాళ్ళందరూ కప్పులు దించారు. లోరిస్ మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ గర్రుమంది. మూడోదానిలోకి దూకించబోతే ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

"ఏం లోరిస్, కాఫీ గింజలు మర పట్టిస్తున్నావా?" అని ఒకడు అరిచాడు. ఇంకొకడు చప్పట్లు కొట్టాడు.

లోరిస్ ముఖం కారు రంగుకు వచ్చింది. "గేర్లపెట్టె పోయింది దీనికి! రెండో గేరు పడటంలేదు!"

"పోలేదురా. అరిగింది. అరిగి చాలా ఏళ్ళయింది" అన్నాడు లెయార్కో కుర్చీలోంచే. "కావాలనే బాగుచేయించలేదు. మా అన్న కొడుకులు అడక్కుండా తీసుకుపోయేవాళ్ళు. ఇదే దానికి తాళం. పిల్లా, నువ్వెక్కు."

నెరీనాకు అర్థమైపోయింది. ఆమె నేర్చుకున్న బస్సుకు కూడా గేర్లు ఊరికే పడేవి కావు. క్లచ్చి తొక్కి గేరు తీసి, వదిలి, మళ్ళీ తొక్కి అప్పుడు వేయాలి. గేరు తగ్గించేటప్పుడైతే మధ్యలో యాక్సిలరేటరును ఒక్క తన్ను తన్నాలి. టపటపమని రెండు మోతలు వస్తాయి కాబట్టి అక్కడి డ్రైవర్లు దాన్ని జోడు తుపాకీ అంటారు. కొత్త బస్సులొచ్చాక దాని అవసరమే లేకపోయింది. ఇన్నేళ్ళ తర్వాత కాలికి గుర్తుంటుందా అనుకుంటూనే ఎక్కింది. మొదటిది వేసి కదిలించింది. రెండోదానికి చెయ్యి తనంతటదే వెళ్ళింది. చప్పుడు లేదు, గుంజుడు లేదు. వెన్నలోకి చెంచా దిగినట్టు దిగింది. బార్ ముందు ఎవరూ ఏమీ అనలేదు. ఆ ఊళ్ళో అంతకు మించిన మెచ్చుకోలు లేదు.

వెనక్కి తిప్పుకొచ్చి షెడ్డు ముందు ఆపింది. "ఎక్కు. కనుమ దాకా వెళ్ళొద్దాం" అంది లోరిస్‌తో.

"ఇప్పుడా? భోజనం వేళైంది. నువ్వెళ్ళిరా, నేను పెద్దాయనతో మాట్లాడుతుంటా."

"నాతో నీకేం మాటల్రా? ఎక్కు" అని లెయార్కో కుండీలోంచి ఒక నిమ్మకాయ తెంపి లోరిస్ చేతిలోకి విసిరాడు. "ఇదిగో. దార్లో పనికొస్తుంది."

లోరిస్ ముసలాయన వంక కొరకొరా చూసి, నిమ్మకాయను జేబులో కుక్కుకుని, ఉరికంబం ఎక్కినట్టు ఎక్కాడు.

టాపు తీసే ఉంది. చెస్ట్‌నట్ చెట్లు అప్పుడే చిగురిస్తున్నాయి. ఊరి చివరి ఇల్లు దాటగానే రోడ్డు మెలికలు తిరగడం మొదలైంది. ఆ దారిలో కనుమ దాకా ప్రతి మలుపుకూ ఒక పేరుంది. ఒకటి పాదిరి మోచేయి. ఒకటి అత్తగారి మలుపు, దగ్గరికెళ్ళేదాకా ఏమీ తెలియనివ్వదు. జున్ను మలుపులో ఒకప్పుడు లారీ బోల్తాపడి జున్నుచక్రాలు ఏటిదాకా దొర్లాయి. ఆ చలికాలం ఊళ్ళో ఎవరూ జున్ను కొనలేదు, ఎందుకు కొనలేదని పోలీసులూ అడగలేదు. ప్రతి మలుపుకు ముందు నెరీనా కాలు జోడు తుపాకీ పేల్చింది. ప్రతిసారీ రెండో గేరు మాట విన్నది. ఈ కారు ఆమెను అడుగుతోంది, ఆమె చెబుతోంది. ఎంత సంతోషంగా ఉందంటే చిన్నపిల్లలా అరవాలనిపించింది. ఎన్నేళ్ళ కోరిక, లోరిస్ పక్కనే ఉన్నాడు. ఇప్పుడైనా ఏమంటాడో అని అటు తిరిగింది.

లోరిస్ ముఖం పిండిలా తెల్లబడి ఉంది. నుదుటి నిండా చెమట. చేత్తో తలుపు అంచు పట్టుకుని, నిమ్మకాయ ముక్కుకు నొక్కుకుని ఉన్నాడు.

"ఆపవే" అన్నాడు. "తొందరగా ఆపు."

ఆమె పక్కకు తీసి ఆపీ ఆపకముందే దూకి, చెట్ల మధ్యకు పరుగెత్తి, పొద్దున తాగిన కాఫీతో సహా అంతా కక్కేశాడు.

నెరీనా బస్సులో ఎప్పుడూ నిమ్మకాయల బుట్ట ఉండేది. కొండ పిల్లల కడుపులు ఆమెకు తెలిసినట్టు వాళ్ళ తల్లులకు తెలియవు. ఎవరి ముఖం ఏ మలుపు దగ్గర పాలిపోతుందో అద్దంలో చూసి చెప్పగలదు. అలాంటిది సొంత మొగుడి సంగతి ఇప్పుడు, ఈ చెట్ల కింద తెలిసింది. రుమాలు తీసుకుని వెళ్ళి అతని పక్కన రాతిగోడ మీద కూర్చుంది.

"ఎప్పట్నుంచి?"

"పుట్టినప్పట్నుంచి" అన్నాడు లోరిస్ మూతి తుడుచుకుంటూ. "స్టీరింగు నా చేతిలో ఉంటే ఏం కాదు. పక్కన కూర్చుంటే మూడో మలుపుకే కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టుంటుంది. చిన్నప్పుడు లెయార్కో బస్సులో పాదిరిగారి టోపీలో కక్కాను. ఎవరికీ చెప్పొద్దని కాళ్ళు పట్టుకున్నా. చెప్పలేదు ముసలోడు."

"నాకు చెప్పడానికేం? నేను నీ పెళ్ళాన్నా, పోలీసునా?"

"ఎలా చెప్పను? నువ్వప్పుడే బస్సెక్కావు. ఈ లోయలో ఆడమనిషి బస్సు తోలడం అదే మొదలు. ఎప్పుడు తప్పు దొరుకుతుందా అని బార్లో ఒక్కొక్కడూ కాచుకు కూర్చున్నాడు. నేను నీ బస్సెక్కి అందరి ముందూ కక్కుకున్నాననుకో, ఏమంటారు? దాని మొగుడికే పడలేదు దాని డ్రైవింగు అంటారు. నీ పేరు పోయేది." కాస్త ఆగాడు. "నా పరువు కూడా పోయేదనుకో. కొండమీద పుట్టినోడికి మలుపులు పడవంటే నవ్వరూ? ముందు అదీ ఇదీ అనుకున్నా. తర్వాత చెప్పడానికి మరీ ఆలస్యమైపోయింది."

నెరీనాకు ముందు ఒళ్ళు మండింది. నిమ్మకాయ లాక్కుని అతని మీదికే విసిరింది.

"ముప్ఫై ఏళ్ళు! నా చేతిమీద నీకు నమ్మకం లేదనుకుని ముప్ఫై ఏళ్ళు కుమిలిపోయాను మనిషీ!"

"నీ చెయ్యా? ఈ లోయలో అంత మంచి చెయ్యి ఇంకెవరికుందే? బస్సు వెనక ఎన్నిసార్లు కావాలని నెమ్మదిగా వచ్చానో తెలుసా, నువ్వెలా తిప్పుతావో చూడ్డానికి. నాకు లేనిది నా కడుపు మీద నమ్మకం."

ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నవ్వొచ్చింది. ఆ డొక్కు కారు అద్దంలో ఎన్నిసార్లు కనబడిందో గుర్తొచ్చింది. వెనకబడి రావడం అతని మొండితనం అనుకుంది.

 రోడ్డు మీద ఎర్ర కారు వేడి దిగుతూ టిక్కుటిక్కుమంటోంది. నెరీనా దాని వైపు చూసింది. ఇష్టం మాట ఎలా ఉన్నా, ఆ కారు తోలగలిగింది తనొక్కతే. తను తోలితే పక్కనున్న మనిషికి కడుపులో దేవుతుంది. ఇక ఎంచుకోవడానికి ఏముంది?

"పద" అంది లేస్తూ. "రేపు కిందికెళ్ళి ఆ వెండిదాన్నే తీసుకుందాం. గేర్లు అవే మారతాయి. నువ్వే తోలుకో." మనస్ఫూర్తిగానే అంది. కాని ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆమె చూపు ఎర్ర కారు మీదే ఉంది. లోరిస్ ఆమె ముఖం చూశాడు. అతను లేవలేదు.

"నీ బస్సులో పిల్లలు కక్కుకునేవాళ్ళు కదా. వాళ్ళకేం చేసేదానివి?"

"నిమ్మకాయిచ్చేదాన్ని."

"ఇచ్చినా తగ్గకపోతే?"

"నా పక్కన ముందు సీట్లో కూర్చోబెట్టేదాన్ని. రాబోయే మలుపు ఏదో ముందే గట్టిగా చెప్పమనేదాన్ని. రాబోయేది తెలిస్తే కడుపు ఊరుకుంటుంది. తోలేవాళ్ళకి అందుకే ఏమీ కాదు."

లోరిస్ గడ్డిలోంచి నిమ్మకాయ వెతికి తీశాడు. పంట్లాముకు తుడిచాడు. "ఈ దార్లో మలుపులన్నీ నాకు నోటికొచ్చు" అన్నాడు.

"నువ్వేమన్నా పిల్లాడివా?"

"పాదిరి టోపీ పాడుచేసినప్పుడు పిల్లాణ్ణేగా. అక్కణ్ణుంచే మొదలెడదాం."

ఎక్కి కూర్చున్నాడు. నెరీనా నెమ్మదిగా కదిలించింది. మొదటి మలుపు అతను నోరు తెరిచేలోపే దాటిపోయింది. రెండోదానికి "ఎడమ" అని గొణిగాడు. తర్వాతిదానికి కాస్త గట్టిగా "అత్తగారు! కుడికి, లోపలికంటా!" అన్నాడు. ఆమె కాలు టపటపమంది. "ఎడమ, వెడల్పుగా ఉంది, పోనీ! ఇప్పుడు జున్ను, జున్ను వస్తోంది, నెమ్మది, ఆ... ఇక లాగు!" మధ్యలో ఒకసారి మళ్ళీ ఆపాల్సి వచ్చింది. లోరిస్ దిగి నాలుగు గుటకలు గాలి మింగి, ఏమీ కాకుండానే మళ్ళీ ఎక్కాడు. కనుమ చేరేసరికి ముఖంలోకి రంగు వచ్చింది. అక్కడ గాలికి ఇద్దరి జుట్టూ రేగిపోయింది. లోరిస్ నిమ్మకాయ కొరికి, మొహం చిట్లించి, సగం ఆమెకిచ్చాడు.

దిగివస్తున్నప్పుడు అతని అరుపులు కారుకన్నా ముందే ఊరు చేరాయి. బార్ ముందు జనం లేచి నిలబడ్డారు. లెయార్కో కుర్చీలోంచి కదలకుండానే జేబులోంచి రెండో తాళంచెవి తీసి, అలవాటు కొద్దీ మగవాడికి చాచాడు.

"నాకెందుకు?" అన్నాడు లోరిస్. "ఆవిడ తోల్తుంది. నేను చెప్తాను."

"ఏం చెప్తావురా?"

"మలుపులు."

లెయార్కో తాళంచెవి నెరీనా చేతిలో పెట్టాడు. "రెండో గేరు బాగుచేయించకు పిల్లా" అని నిమ్మకుండీ వైపు తిరిగాడు. కళ్ళు తుడుచుకున్నాడేమో, ఎవరూ చూడలేదు. సోమవారం నెరీనా షోరూం కుర్రాడికి ఫోన్ చేసి, మీ కారు చాలా బాగుంది, అదే దానితో వచ్చిన చిక్కు అని చెప్పింది. ఆ కుర్రాడికి ఏమర్థమైందో దేవుడికే తెలియాలి.

తర్వాతి ఆదివారం లోరిస్ కోటు తొడుక్కుని, జేబులో రెండు నిమ్మకాయలు వేసుకుని ముందుగా బయటికొచ్చాడు. అలవాటు చొప్పున తిన్నగా స్టీరింగు ఉన్న ఎడమ తలుపు దగ్గరికి నడిచాడు. చెయ్యి వేయబోయి ఆగాడు. నెరీనా గుమ్మంలో నిలబడి చూస్తోంది. లోరిస్ కారు ముందు నుంచి చుట్టూ తిరిగి కుడివైపుకు వెళ్ళి కూర్చున్నాడు.

కారు ఊరి చివరి ఇల్లు దాటింది.

"కుడి. పాదిరి మోచేయి" అన్నాడు.

"తెలుసు. ముప్ఫై ఏళ్ళు తిప్పాను దీన్ని."

"నీకు తెలుసులే. నేను లేనుగా అప్పుడు."